మాస్టరు సాయంత్రపు గ్లాసు

లాయరమ్మ కోటు బట్ట పొద్దున్నుంచీ మడత విప్పకుండా కటింగు బల్ల మీదే ఉంది. మేడ మీది గదిలోకి పనిమీద వచ్చినవాళ్ళు నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి వెళ్ళినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వెళుతున్నారు. ముదురు నీలం ఉన్ని బట్ట అది. లాయరమ్మ తండ్రి ఎప్పుడో ముచ్చటపడి కొనుక్కుని, కుట్టించుకోకుండానే కన్నుమూశాడు. ఆ నేత ఇప్పుడు ఏ మిల్లులోనూ రావడం లేదు. చెడిపోతే ఇంకో ముక్క తెచ్చుకునే దారి లేదు.

"మీ చెయ్యే పడాలి మాస్టారూ. ఇంకొకళ్ళు ముట్టుకుంటే నేనొప్పుకోను" అని లాయరమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఆ మాటకి మాస్టరు భార్య పొంగిపోవలసింది. పొంగిపోలేదు. కింద కొట్లో కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతూ, సాయంత్రం రాకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకుంటోంది. ఏళ్ళ తరబడి ఆ గుండీల పనే చేస్తోంది కాబట్టి వీధిలో అందరూ ఆవిడని గుండీలమ్మ అనే పిలుస్తారు. అంతకుముందు వారమే మాస్టరు ఒక బ్యాంకు గుమాస్తా కోటుకి రెండు చేతులూ ఎడమవే కోశాడు. ఆ గుమాస్తా మంచివాడు. "నాకు కుడి చెయ్యి కూడా ఉందండీ, పొద్దున్నే చూసుకున్నాను" అని నవ్వేసి ఊరుకున్నాడు. కానీ కొడుకు ఊరుకోలేదు. కొత్త బట్ట తెచ్చి, పక్క వీధి కటింగు మాస్టరుని బతిమాలి కోయించాడు. తండ్రి ఉండగా ఆ కొట్టు బట్ట బయటి కత్తెర కిందకి వెళ్ళడం అదే మొదటిసారి.

ఇవాళ మధ్యాహ్నం తండ్రీకొడుకులు బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. తగ్గించిన గొంతులే ఎక్కువ వినిపిస్తాయి. గుండీలమ్మకి మెట్ల కిందనుంచి ప్రతి ముక్కా వినిపించింది.

"నాన్నా, ఈ ఒక్కటీ వద్దు. చెబితే అర్థం చేసుకో."

"రెండు చేతులు తప్పానని రెండు కళ్ళూ పోయినట్టు మాట్లాడకురా."

"చేతులొక్కటేనా? మొన్న సాయంత్రం ఇంటికొచ్చే దారి మర్చిపోయి చెప్పుల కొట్టు ముందు నిలబడ్డావు. ఇస్త్రీ పెద్దాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అది కూడా నేనే కల్పించానా?"

మాస్టరు బట్ట మీద లేని దుమ్ము దులిపాడు.

"ఆ గ్లాసు మానెయ్. పుట్టి బుద్ధెరిగి ముట్టుకోనివాడివి ఈ వయసులో మొదలెట్టావు. వీధిలో ఏమనుకుంటున్నారో నీకు తెలియదు."

"అది తాగుడు కాదు, మందు."

"మందే, నేనూ అదే అంటున్నా!"

కొడుకు అంత కోపంలోనూ అన్న ఆ మాటకి మామూలుగా అయితే మాస్టరు నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. చివరికి ఆయనే అన్నాడు. "సరే. ఈ కోటు తప్పానంటే కత్తెర నీ చేతికిచ్చేస్తాను. బయటివాణ్ణి తెచ్చి పెట్టుకో. మళ్ళీ ఈ బల్ల ముట్టుకోను."

కొడుకు కిందికి దిగి వచ్చి, తల్లి పక్కన కూలబడి, "అమ్మా, సాయంత్రం నువ్వు పైన కూర్చో" అన్నాడు. "నేను కూర్చుంటే పడదు. నువ్వయితే ఏమీ అనడు."

ఆవిడ తలూపి దారం కొరికింది.

గ్లాసు సంగతి చెప్పాలి. మాస్టరు అన్నగారు చివరి రోజుల్లో కన్నపిల్లల్నే "మీరెవరు నాయనా" అని అడిగేవాడు. అన్నం పెట్టిన భార్యకి చేతులెత్తి దణ్ణం పెట్టి, "మీ ఇల్లెక్కడమ్మా" అనేవాడు. ఆయన పోయాక మాస్టరు ఆ ఊసు ఎత్తలేదు గాని, లోపల ఒక భయం గూడు కట్టుకుంది. ఇంట్లో ఏ తాళం చెవి కనిపించకపోయినా ఆయన ముఖం పాలిపోయేది. పరీక్ష చేయించుకుందామని కోడలు అడిగితే, "నాకేం పిచ్చా" అని లేచి వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో ఇస్త్రీ పెద్దాయన పేపరు పట్టుకొచ్చాడు. పక్క గదిలో బట్టలకి ఇస్త్రీ చేస్తాడు, మాస్టరుకి చిన్ననాటి స్నేహితుడు. "చూడు గురూ, మితంగా బీరు తాగే ముసలాళ్ళకి మతి బాగా నిలుస్తోందట. నేనేదో పాపం చేస్తున్నానని మీ ఇంటావిడ ఇన్నాళ్ళూ నా వంక చూసింది. నేను వైద్యం చేసుకుంటున్నానని ఇప్పుడు తేలింది" అన్నాడు.

మాస్టరు ఆ పేపరుని రెండుసార్లు చదివాడు. మూడో నాటినుంచి సాయంత్రం ఇద్దరూ ఒక సీసాని చెరిసగం పంచుకోవడం మొదలుపెట్టారు. మాస్టరు తన గ్లాసుని కషాయం తాగినట్టు ముఖం ముడుచుకుని తాగేవాడు. గోడ మీద దేవుడి పటానికి వీపు పెట్టి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకునేవాడు. "దేవుడు వీపువైపు నుంచి చూడలేడా?" అని ఇస్త్రీ పెద్దాయన ఏడిపించేవాడు. "చూస్తాడు. ఎదురుగా కూర్చుని తాగే పొగరు లేదని కూడా చూస్తాడు" అనేవాడు మాస్టరు.

గుండీలమ్మకి ఇది మింగుడు పడలేదు. అలాగని గట్టిగా వద్దనలేకపోయింది. రోజూ దీపం ముందు అదే అడిగేది. స్వామీ, సరదాకి తాగితే తప్పు, భయపడి తాగితే కూడా తప్పేనా? మనిషి లోపల ఏముందో నువ్వు చూస్తావంటారు కదా, గ్లాసులో ఏముందో కూడా చూస్తావా? దేవుడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

కోడలు ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఏ రోగి ఏం తినాలో చెప్పడమే ఆ అమ్మాయి ఉద్యోగం. మావగారికి షుగరు వచ్చాక వంటింటిని కూడా ఆసుపత్రిలో వార్డులాగే చూసుకుంది. ఆకుకూరలు పెంచింది, నూనె తగ్గించింది, గుప్పెడు బాదం పప్పులు, వారానికి రెండుసార్లు చేప. రాత్రి భోజనం పెందలాడే ముగించాలని, సాయంత్రమే డబ్బా కట్టి పంపే ఏర్పాటు చేసింది. ముందు మాత్ర, వెంటనే భోజనం. మాస్టరు మేడ మీద ఒక్కడే కూర్చుని తిని, తర్వాత కోతకి దిగేవాడు. కొలతలిచ్చే వాళ్ళందరూ వెళ్ళాక, షట్టరు సగం దించాకే ఆయన కత్తెర పట్టేది. అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. డబ్బా రోజూ ఖాళీగా ఇంటికి వచ్చేది. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు. ఇంత పద్ధతిగా ఉన్న మనిషికి మతి ఎందుకు తప్పుతోందో ఎవరికీ అంతుబట్టలేదు. బీరువల్ల అని కొడుకు. అన్నగారి జబ్బే వచ్చిందేమోనని కోడలు. పైకి చెప్పలేదు గాని, తమకేదో శిక్ష పడుతోందని గుండీలమ్మ.

వీధి దీపాలు వెలిగాయి. షట్టరు సగం దిగింది. ఇస్త్రీ పెద్దాయన దగ్గుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంకాసేపు ఆగి గుండీలమ్మ చేతిలో కాలరు పని పట్టుకుని పైకి వెళ్ళింది.

కడిగిన గ్లాసు కిటికీలో బోర్లించి ఉంది. మాస్టరు బట్ట మడత విప్పుతున్నాడు.

"తిన్నారా?"

"ఆ పని అయింది" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

ఆవిడ మూల స్టూలు మీద కూర్చుంది. ఆయన బట్ట మీద అరచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపాడు. ఇక ఆ తర్వాత ఎవరూ మాట్లాడకూడదు. సుద్దముక్క ఎత్తిన దగ్గరనుంచి కత్తెర కిందపెట్టేదాకా ఆ గదిలో దగ్గు వచ్చినా ఆపుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆవిడ "ఉప్పు ఉందా లేదా" అని అడిగినందుకు ఒక పంట్లాం పొట్టిదైపోయింది. ఆ రోజునుంచి ఆ నియమం ఆవిడ తప్పలేదు.

బట్ట మందం. మడతేసి రెండు ముక్కలూ ఒకేసారి కోసే రకం కాదు. ఒంటి పొర పరిచి, కోటు ముందు భాగానికి ఎడమ ముక్క ఒకసారీ కుడి ముక్క ఒకసారీ విడిగా గీసుకోవాలి. మాస్టరు మొదటి గీత గీశాడు. గీత తిన్నగా, సన్నగా, ఎప్పటిలాగే వచ్చింది. ఆవిడ గుండె కాస్త నెమ్మదించింది.

రెండో ముక్క దగ్గర ఆయన ఆగాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ ఆయన మెడ వెనక చొక్కా తడిసిపోయి వీపుకి అంటుకుంది. నుదుటి మీది చెమట చుక్క ముక్కు దాకా జారింది, తుడుచుకోలేదు. సుద్దముక్క వేళ్ళలో సన్నగా వణుకుతోంది.

అలసట అనుకుంది. భయం అనుకుంది. కొడుకుతో పడ్డ పందెం మాట గుర్తొచ్చి వాడి మీద కోపం తెచ్చుకుంది. ఇంతలో ఆయన రెండో ముక్క గీసేశాడు, గబగబా, మనిషి ఎక్కడో ఉండి చెయ్యి మాత్రం ఇక్కడ ఉన్నట్టు.

తర్వాత ఆవిడ వంక తిరిగాడు. తన నియమం తనే మర్చిపోయి మాట్లాడాడు.

"వదినా, అన్నయ్యకి అన్నం పెట్టావా?"

గుండీలమ్మ చేతిలోంచి కాలరు జారిపడింది. ఆ గొంతు మాస్టరుదే. ఆ చూపు ఆయనది కాదు. ఆ చూపు ఆవిడ ఇదివరకు చూసింది, బావగారి మంచం పక్కన నిలబడి.

మాస్టరు జవాబు కోసం ఆగలేదు. బల్ల వైపు తిరిగి కత్తెర అందుకున్నాడు. ఆవిడ లేచి రెండడుగులు వేసి చూసింది. గుండీలు కుట్టే చెయ్యే అయినా, కోటు ముక్క ఎటు తిరగాలో తెలియనంత కొత్తది కాదు. రెండూ ఎడమవే. రెండు గుండెల మీదా ఒకే వైపు జేబు గీత.

నోరు తెరవబోయింది. ఏళ్ళ తరబడి బిగించుకున్న పెదవులు అంత తొందరగా విడివడవు.

అప్పుడే వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రాత్రిళ్ళు కొట్టుకి కాపలా ఉండే వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు. చేతిలో కడిగిన టిఫిన్ డబ్బా.

"ఇక్కడ పెట్టేస్తున్నానమ్మగారూ" అన్నాడు గుసగుసగా. "ఈ మధ్య ఉప్పు మరీ తగ్గించేశారు, ఏమీ అనుకోకండి. చేప మాత్రం బ్రహ్మాండం."

ఆవిడ డబ్బా వంక చూసింది. వాచ్‌మన్ వంక చూసింది.

"ఇది నువ్వు తిన్నావా?"

"రోజూ నేనే కదమ్మా! అయ్యగారు ఇస్తారు. మీకు తెలుసనుకున్నానే..." అతని గొంతు సన్నబడిపోయింది.

కత్తెర నోరు తెరుచుకుంది. గుండీలమ్మ ఒక్క అంగలో బల్ల చేరి, సుద్ద గీత మీద అరచెయ్యి పెట్టేసింది. కత్తెర అంచు ఆవిడ చూపుడువేలు పక్కన ఆగింది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

"తియ్యి వదినా, అన్నయ్య వచ్చే వేళయింది!" కసిరాడు. ఆయన ఆవిడని అలా కసరడం ఎన్నడూ లేదు. కత్తెర ఇంకా తెరిచే ఉంది.

"అన్నయ్యే పంపించారు" అంది ఆవిడ. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. "ముందు ఇది తాగమన్నారు. తాగాక కోద్దురుగాని."

ఎడమ చెయ్యి గీత మీదనుంచి కదపకుండానే వాచ్‌మన్‌కి సైగ చేసింది. టీ పెట్టుకునే మూలలో పంచదార డబ్బా ఉంది. అతను గ్లాసు నిండా నీళ్ళు పోసి, పంచదార ఒలకపోసి, చెంచా దొరక్క వేలితోనే కలిపి తెచ్చాడు. మాస్టరు పెదవులు బిగించాడు. "సాయంత్రం ఏమీ తీసుకోను. మొక్కుకున్నాను."

ఆవిడ గ్లాసు తీసుకుని గోడ మీది పటం ముందు ఒక్క క్షణం పట్టుకుంది. తిరిగి ఆయన నోటి దగ్గర పెట్టింది. "ఇవి దేవుడి దగ్గర పెట్టిన నీళ్ళు. వద్దంటారా?"

ఆ ఇంట్లో పెరిగినవాడు దానికి వద్దని చెప్పలేడు. మతి తప్పినా చెప్పలేడు. మెల్లగా గుటక వేశాడు. ఇంకోటి. కత్తెర బల్ల మీద వాలింది. దాన్ని వాచ్‌మన్ మెల్లగా అవతలికి జరిపాడు.

ఆవిడ కోడలికి ఫోన్ చేసింది. సగం చెప్పేసరికే అవతల కోడలు గొంతు మారిపోయింది. "భోజనం చెయ్యకుండా ఆ మాత్రా? పైగా బీరా? అయ్యో అత్తయ్యా, షుగరు పడిపోయి ఉంటుంది. పంచదార నీళ్ళు అన్నీ తాగించండి. వెంటనే రొట్టో అన్నమో ఏదో ఒకటి తినిపించండి. తినిపించాక ఆసుపత్రికి రావలసిందే, బాగానే ఉన్నానని ఆయన అన్నా సరే. ఆ మాత్ర మళ్ళీ దించేస్తుంది."

వాచ్‌మన్ పరుగున వెళ్ళి తన గదిలోంచి రొట్టె తెచ్చాడు. "అయ్యగారి బాకీయే" అని గొణిగాడు. ఎవరూ నవ్వే స్థితిలో లేరు.

కొడుకు మెట్లెక్కి వచ్చేసరికి మాస్టరు కుర్చీలో కూర్చుని రొట్టె నములుతున్నాడు. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. భార్యని భార్యలాగే చూశాడు. తర్వాత లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, గీసిన రెండు ముక్కల మీదా వంగాడు.

"రెండూ ఎడమవే" అన్నాడు.

"కొయ్యలేదు కదా నాన్నా."

"కోసేవాణ్ణే."

"ఎందుకండీ ఇలా చేశారు?" గుండీలమ్మ ఖాళీ డబ్బా ఆయన ముందు పెట్టింది. "ముద్ద వాచ్‌మన్‌కిచ్చి, ఖాళీ డబ్బా నాకు పంపుతారా?"

మాస్టరు తలదించుకున్నాడు. "ఈ వయసులో ఆ గ్లాసు మొదలుపెట్టాను. ఉత్తినే పుచ్చుకుంటే ఎలా? దానికి బదులు ఏదో ఒకటి వదులుకోవాలనిపించింది. రాత్రి భోజనం నీకు వదిలేస్తున్నాను స్వామీ, నా మతి నాకు ఉంచు అని మొక్కుకున్నాను. మాత్ర మానితే కోడలు బాధపడుతుందని మాత్ర మానలేదు."

గుండీలమ్మకి కోపమూ దుఃఖమూ కలగలిపి వచ్చాయి. "ఆయన అడిగాడా మీ ముద్ద? అన్నం పెట్టే దేవుడు అన్నం లాక్కుంటాడా? ఒక్కమాట నన్నడిగి ఉంటే!"

ఆసుపత్రిలో డాక్టరు రక్తం చూశాడు, ఆ రాత్రికి అక్కడే ఉంచుకున్నాడు, మాత్ర మార్చాడు. మాస్టరు చివర్లో పక్కన కోడలు ఉండగానే సూటిగా అడిగాడు. "పేపర్లో అలా రాశారు కదండీ. మరి అది అబద్ధమా?"

"అబద్ధం అనలేను. కొద్దిగా తాగేవాళ్ళలో కొందరికి మతి బాగున్నట్టు లెక్కల్లో కనిపించి ఉండొచ్చు. కానీ అది బీరు చేసిన మేలో, వాళ్ళ తిండి చేసిందో, నలుగురితో కూర్చుని కబుర్లాడడం చేసిందో విడదీసి చెప్పడం కష్టం. మతి కోసమని కొత్తగా మొదలుపెట్టమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. మీ షుగరుకి, ఈ మాత్రలకి అయితే అసలే చెప్పను."

"అయితే నా తప్పులన్నీ షుగరువేనా?"

"సాయంత్రం తప్పులు అయి ఉండొచ్చు. మిగతా సంగతి పరీక్ష చేస్తేగాని తెలియదు."

ఆయన ఎప్పటిలా లేచి వెళ్ళిపోతాడనుకుంది గుండీలమ్మ. మాస్టరు కోడలి వైపు తిరిగి, "ఎప్పుడు రమ్మంటావో చెప్పమ్మా, వస్తాను" అన్నాడు.

ఆయన మళ్ళీ బల్ల దగ్గర నిలబడింది పగటిపూట. కడుపునిండా భోజనం చేసి, కిటికీలు తెరిపించి, పాత గీతలు దులిపేసి మళ్ళీ గీశాడు. ఎడమది ఎడమగా, కుడిది కుడిగా. ఇస్త్రీ పెద్దాయన గుమ్మంలో నిలబడి, తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని చూశాడు. మాస్టరు రెండు ముందు ముక్కలూ కోశాడు. ఉన్ని బట్ట మీద కత్తెర నడుస్తుంటే వచ్చే మెత్తని చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ముక్కలు విడిపోయాయి. కొడుకు వాటిని ఎత్తి, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి చూసి, తల్లి వైపు తలూపాడు.

అంతటితో తగువు తీరిపోయినట్టే. మాటప్రకారం కత్తెర మాస్టరుదే. కానీ ఆయన కత్తెర చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత పిడి అటువైపు తిప్పి కొడుకు ముందు పెట్టాడు.

"వీపు ముక్క నువ్వు కొయ్యి."

"నేనా?" కొడుకు వెనక్కి తగ్గాడు. మిషను తొక్కడం, కొట్టు చూసుకోవడం తప్ప వాడెప్పుడూ కత్తెర పట్టలేదు. "తప్పలేదు కదా నాన్నా! ఎందుకిస్తున్నావు?"

"తప్పలేదు కాబట్టే ఇస్తున్నాను. పరీక్షలో ఏం తేలుతుందో నాకు తెలియదు. నా తలలో ఉన్నది ఉండగానే నీ చేతిలోకి రావాలి. బయటివాడు ఎందుకురా మనకి?"

"ఈ బట్ట మీదా? నీ చెయ్యే పడాలంది కదా లాయరమ్మ? ఇంకేదైనా పాత బట్ట..."

"పాత బట్ట మీద చెయ్యి వణకదు. చెయ్యి వణకకపోతే ఏమీ అబ్బదు. నీ చేతి కింద నా చెయ్యి ఉంటుంది, లాయరమ్మకి నేనే చెబుతాను."

కొడుకు కత్తెర తీసుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కత్తెర బట్టని తాకి ఆగింది. గుండీలమ్మకి తన అరచెయ్యి మళ్ళీ అక్కడికి వెళ్ళబోతున్నట్టు అనిపించి, రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుంది. తప్పితే ఇక కొత్త బట్ట లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మాస్టరు కొడుకు మణికట్టు కింద రెండు వేళ్ళు ఆనించి, బరువు పెట్టకుండా నిలబడ్డాడు.

"ఊపిరి తీసుకోరా" అన్నాడు. "గీత ఎక్కడికీ పోదు. ఊపిరి తీసుకుని, కొయ్యి."